గాలి బాగుందని రాసిన మనిషి

సార్ పోయారన్న కబురు షాపు షట్టరు సగం ఎత్తి ఉండగా వచ్చింది. లోపల ఫోను మోగుతుంటే వంగి దూరి ఎత్తాను. ఆయన కూతురు. "అక్కా, నాన్న పోయిండు. పొద్దుగాల ఐదు గంటలకు. గుండె ఆగిందన్నరు," అంది. "రోజూ నీ షాపుకాడికే వచ్చెటోడు గదా, అందుకే నీకు ముందుగాల చెప్పిన," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే పంజాగుట్ట శ్మశానంలో దహనం అయిపోయింది. గట్టిగా లెక్కపెడితే పదిమందిమి కూడా లేము. ముప్ఫై ఏళ్ళకు పైగా బొగ్గు గనిలో ఉద్యోగం చేసిన మనిషి. అక్కడి నుంచి వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దరూ చితి దగ్గర నిలబడలేక దూరంగా ప్రహరీ గోడకు ఆనుకుని కూర్చున్నారు. పొగకు వాళ్ళ దగ్గు ఆగలేదు.

ఆయన గనిలో దుమ్ము కొలిచే ఉద్యోగం చేశారు. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఆయన్ని కలిసేదాకా నాకు తెలియదు, మీలో కూడా చాలామందికి తెలిసి ఉండదు. భూమి లోపల బొగ్గుకు రంధ్రాలు వేసేటప్పుడు, మందు పెట్టి పేల్చేటప్పుడు, బొగ్గు ఎత్తేటప్పుడు దుమ్ము లేస్తుంది. అది గాలిలో ఎక్కువైనప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. ఆ భయంతో గని దారుల వెంట సున్నపురాతి పొడి చల్లుతారు. పేలని దుమ్ము మనిషి ఊపిరిలోకి పోయి అక్కడే ఉండిపోతుంది. దానికి నీళ్ళు కొట్టాలి, గాలి బాగా ఆడేలా చూడాలి, ఎంత దుమ్ముందో ఎప్పటికప్పుడు కొలుస్తుండాలి. ఆ కొలిచే మనిషి కాబట్టి గనిలో అందరూ ఆయన్ని డస్ట్ సారు అనేవారట. నేను సార్ అనేదాన్ని. ఆయన నన్ను బిడ్డా అనేవారు.

మాది తెనాలి. మా ఆయనకు సనత్‌నగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో పని దొరికితే ఇక్కడికి వచ్చాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక కాంప్లెక్సు సెల్లారులో టైపింగు, జిరాక్సు షాపు పెట్టుకున్నాను. పైన నాలుగు అంతస్తులూ కంప్యూటర్ కోచింగులే. బ్యానర్ల మీద బ్యానర్లు కట్టి కిటికీలు కూడా కనపడనిచ్చేవారు కాదు. బ్యాచి వదిలితే సందులో నడవడానికి చోటుండేది కాదు. ప్రతివాడి చేతిలో ఒక ఫైలు, ఆ ఫైలులో నేను టైపు చేసిన బయోడేటా.

ఆయన్ని మొదటిసారి చూసింది షాపు ఊడుస్తున్నప్పుడు. "నీళ్ళు చల్లి ఊడ్వు బిడ్డా," అని గుమ్మం బయట నుంచి ఎవరో అన్నారు. చూస్తే సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన. పొద్దున్నే ఎవరో వచ్చి పని నేర్పితే ఎవరికి నచ్చుతుంది? "లోపల కరెంటు వైర్లున్నాయండీ, నీళ్ళు ఎలా చల్లుతాను?" అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. చంకలోని పేపరు తీసి ఒక ఠావు ముక్కలు ముక్కలుగా చింపి, తన బాటిల్లో నీళ్ళతో తడిపి, నేల మీద చల్లారు. "గిప్పుడు ఊడ్వు. దుమ్ము లేస్తదేమో చూడు." లేవలేదు. ఇప్పటికీ నేను అలాగే ఊడుస్తాను.

అప్పటికి ఆయన రిటైరై ఏడాది. భార్య అంతకుముందే పోయింది. మధురానగర్‌లో కూతురి దగ్గర ఉండేవారు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళగానే బయటపడి, మా షాపు ముందు బల్ల మీద కూర్చుని పేపరు చదివేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. ఎక్కడున్నా ఆయన కళ్ళు దుమ్ము మీదే. మనవడికి పౌడరు రాయనిచ్చేవారు కాదని కూతురు విసుక్కునేది. పైన కోచింగులో పాఠం చెప్పే కుర్రాడితో బోర్డు పొడిగుడ్డతో తుడవద్దని వాదన పెట్టుకున్నారు. ఎండ వాలినప్పుడు సెల్లారు మెట్ల మీద పడే వెలుతురులో నలకలు తేలుతుంటే అందరూ అవే దుమ్ము అనుకుంటారు కదా. "కంటికి కనపడేది ముక్కుల్నే ఆగిపోతది బిడ్డా. తుమ్మితె బయటవడుతది. కనపడందే లోపలికి పోతది, పోయి మళ్ళ రాదు," అనేవారు.

ఒకసారి రెండో అంతస్తులో కొత్త ఇన్‌స్టిట్యూట్ పెడుతున్నారు. మెట్లకు వేసే గ్రానైటు రాయిని సెల్లారులోనే కోస్తున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీ, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కనురెప్పలు తెల్లబడిపోయి కూర్చుని కోస్తున్నాడు. సార్ పోయి అతని పక్కన గొంతుక్కూర్చున్నారు.

"జర నీళ్ళు పోసుకుంట కొయ్యి భాయ్."

"నీళ్ళు పోస్తే గీసిన గీత పోతది పెద్దమనిషీ. కాంట్రాక్టర్ లొల్లి జేస్తడు."

సార్ నా దగ్గరకొచ్చి ఖాళీ వాటర్ బాటిలు అడిగారు. మూతకు సూదితో బెజ్జం పెట్టి, నీళ్ళు నింపి, రాయి కోసే చోటికి పైన తలకిందులుగా కట్టారు. నీటిబొట్లు సరిగ్గా చక్రం మీద పడుతున్నాయి. దుమ్ము బురదై కిందికి కారిపోయింది. కూలీ నవ్వాడు కానీ మర్నాటికి బాటిలు తీసి పారేశాడు. సార్ మళ్ళీ కట్టారు. అలా నాలుగు రోజులు జరిగింది. ఐదో రోజు అతనే కట్టుకున్నాడు. పెద్దాయనకు పనీపాటా లేదని నేను నవ్వుకున్నాను. ఎందుకంత పట్టుదలో నాకప్పుడు తెలియదు.

ఆ తరవాతి సంవత్సరం ఓదెలు వచ్చాడు.

ఓదెలు సార్ పనిచేసిన గనిలోనే డ్రిల్లరు. బొగ్గుకు రంధ్రాలు వేసే పని. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. వయసు యాభై దాటలేదు గానీ చూస్తే సార్ కంటే పెద్దవాడిలా ఉన్నాడు. ఒక్కసారికి మూడు నాలుగు మాటలే మాట్లాడగలడు. తరవాత ఆగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఊపిరి తెచ్చుకుని, మిగతా మాట చెప్పేవాడు. వాళ్ళ ఊళ్ళో ఏళ్ళ తరబడి టీబీ మందులు మింగించారు. తగ్గలేదు. సార్ హైదరాబాదులో ఉన్నారని తెలిసి భార్య పోసక్కతో వచ్చాడు. సార్ వాళ్ళకు మధురానగర్‌లో ఒక గది చూసిపెట్టి, పంజాగుట్ట ఆసుపత్రికి తానే తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదు, ఊపిరితిత్తుల్లో పేరుకున్న గని దుమ్ము అని చెప్పిందట. తగ్గించే మందు లేదని కూడా చెప్పింది. అది గని వల్ల వచ్చిన రోగమని అధికారుల బోర్డు ఒప్పుకుంటే వైద్యం ఖర్చు గని వాళ్ళే చూస్తారు, వాళ్ళిచ్చిన క్వార్టరు పోదు. ఒప్పుకోవాలంటే అతను పనిచేసిన చోట దుమ్ము ఎక్కువగా ఉండేదని రికార్డు ఉండాలి. ఓదెలు అర్జీ పెడితే ఆ రికార్డు నకళ్ళు పోస్టులో వచ్చాయి.

ఆ కట్ట జిరాక్సు తీయించడానికి సార్ నా దగ్గరకు తెచ్చారు. నేను ఒక్కో కాగితం గాజు మీద పెడుతున్నాను. అన్నీ ఒకే చేతిరాత. తేదీ, షిఫ్టు, స్థలం, కొలత, చివర "హద్దులో ఉన్నది" అని, కింద సంతకం. రాత చాలా అందంగా ఉంది. "ఎవరిదో గానీ ముత్యాల్లా రాశారు సార్," అన్నాను.

"నాదే," అన్నారు.

బల్ల మీద కూర్చున్నారు. టీ వచ్చినా ముట్టుకోలేదు. కాసేపటికి లేచి నా కంప్యూటర్ వెనక నిలబడ్డారు. నేను ఒక కుర్రాడికి ఎక్స్‌పీరియన్స్ లెటరు టైపు చేస్తున్నాను. అమీర్‌పేటలో అప్పుడు అది మామూలు సంగతి. కోర్సు ముగించిన కుర్రాళ్ళు ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి రెండేళ్ళు అక్కడ పనిచేసినట్టు కాగితం తయారు చేయించుకునేవారు. నేను అడిగినవాళ్ళందరికీ చేసిపెట్టేదాన్ని.

"గీ పిలగాడు రెండేండ్లు ఏడ పనిచేసిండు బిడ్డా?"

"ఎక్కడా చేయలేదు సార్. అందరూ ఇలాగే పెట్టుకుంటారు."

"నేను సుత గిట్లనే రాసిన," అన్నారు. "దిగని దినం దిగిన అని రాసిన. దుమ్మున్న కాడ లేదని రాసిన."

ఆ రోజు ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది. గనిని వాళ్ళు బాయి అంటారు. దుమ్ము కొలిచే మిషను చిన్నది. పంపు నడుముకు కట్టుకుంటే, వడపోత కాగితం ఉన్న గుండ్రటి డబ్బీ కాలరు దగ్గర, ముక్కుకు దగ్గరగా ఉంటుంది. అది బొగ్గు కొట్టే మనిషికి తగిలించి షిఫ్టంతా ఉంచాలి. సాయంత్రం ఆ కాగితం తూచితే ఆ మనిషి ఆ రోజు ఎంత దుమ్ము పీల్చాడో తెలుస్తుంది. ఆ మిషను గనికి వచ్చిన కొత్తలో సార్ అలాగే చేశారు. ఓదెలు పనిచేసే చోట కొలత హద్దు దాటింది. ఉన్నది ఉన్నట్టు రాశారు. నీళ్ళ పైపు వేసేదాకా ఆ చోట పని ఆపేశారు. పని ఆగితే కూలి ఆగింది. మనుషులు ఆయన మీద విరుచుకుపడ్డారు. పైపు వచ్చాక కూడా, బట్టలు తడుస్తున్నాయని, కాళ్ళ కింద జారుతోందని, వాళ్ళే నీళ్ళు కట్టేసి పొడిగా డ్రిల్లు వేసుకునేవారు.

మేనేజరు తిట్టలేదట. కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మిషన్ ఎక్కడ పెట్టాలో మీకు తెలియనిదా?" అన్నాడట.

మర్నాడు సార్ మిషను మనిషికి తగిలించలేదు. పైనుంచి మంచి గాలి వచ్చే దారిలో పైకప్పుకు ఆసరాగా నిలబెట్టిన ఒక కర్ర దిమ్మెకు వేలాడదీశారు. కొలత తక్కువొచ్చింది. పని ఆగలేదు. అందరూ సంతోషపడ్డారు. కొన్నేళ్ళకు అక్కడిదాకా నడవడం కూడా దండగనిపించింది. నెల మొదట్లోనే ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టేసి, తరవాత తీరిగ్గా ఆఫీసులో కూర్చుని కొలతలు నింపేవారు.

"ఎవడు కొట్టలే, ఎవడు బెదిరించలే," అన్నారు. "మంచోడనిపించుకున్న. గంతే."

మరి మీకేమీ కాలేదా సార్ అని అడిగాను. ఆయన చేతిలో ఓదెలుది కాక ఇంకో ఎక్స్‌రే కవరు ఉంది. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని ఆయనకూ తీయించిందట.

"నా ఛాతి మస్తుగున్నదంట. ఎందుకుండదు బిడ్డా? నేను దిగలే గదా."

ఆ వారం ఆయన నా చేత ఒక వాంగ్మూలం టైపు చేయించారు. సంతకం పెట్టేముందు ఓదెలునూ పోసక్కనూ షాపుకు పిలిపించారు. వాళ్ళకు చెప్పకుండా ఇస్తే అది ఇంకో దొంగతనమవుతుందన్నారు. నేను బయటికి వెళ్తానంటే, "నువ్వు ఉండు," అన్నారు. ఆయన అన్నీ చెప్పారు. దిమ్మె సంగతి, సంతకాల సంగతి, ఏదీ దాచలేదు.

ఓదెలు నేల చూస్తూ విన్నాడు. "తెల్సు సారూ," అన్నాడు. ఊపిరి తెచ్చుకున్నాడు. "మిషన్ గాలి దిక్కు... వేలాడదీసుడు... మేం సూడలేదా? రాస్తె పని బందయితదని... మేమే సప్పుడు జేయలే."

పోసక్క భర్త వంక చూసింది, తరవాత సార్ వంక చూసింది.

"అంటె నీకు ఎర్కే. ఈయనకు సుత ఎర్కే. నాకొక్కదానికే ఎర్కలేదు," అంది. గొంతు పెంచలేదు. "ఇర్వై ఏండ్లు గా బట్టలు దులిపి ఉతికింది నేను. నల్ల నీళ్ళు మోరీల పారబోసిన. బాయి పనంటె గింతే గదా అనుకున్న. లోపల మిషనున్నది, సారున్నడు, సూసుకుంటడు అనుకున్న."

సార్ రెండు చేతులూ జోడించారు. ఆమె అటు చూడలేదు. భర్తను లేపి, భుజం కింద చెయ్యి వేసి తీసుకెళ్ళిపోయింది. ఆ రోజు తరవాత ఆమె సార్‌తో ఒక్కసారి తప్ప మాట్లాడలేదు. భర్తకు ఏం కావలసినా నాతో చెప్పేది, నేను సార్‌కు చెప్పేదాన్ని.

బోర్డు విచారణ లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో జరిగింది. ఓదెలుకు తోడు ఇద్దరు కావాలంటే నేనూ వెళ్ళాను. లిఫ్టు పాడైంది. మెట్ల మీద నాలుగు చోట్ల కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. లోపల ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న అధికారి వాంగ్మూలం మర్యాదగానే చదివాడు, రికార్డు నకళ్ళు పక్కన పెట్టి పోల్చాడు.

"ఇవన్నీ మీ సంతకాలేనా?"

"నావే సార్."

"ఈ వాంగ్మూలం మీద సంతకం?"

"అది సుత నాదే."

"అంటే అన్నేళ్ళూ అబద్ధం రాశానని మీరే అంటున్నారు. ఇప్పుడు మాత్రం నిజం రాశారని మేము ఎలా నమ్మాలండీ?"

సార్ ఆ రెండు సంతకాల వంకా మార్చి మార్చి చూశారు. ఆ ప్రశ్నకు జవాబు నేనూ అప్పటి నుంచి వెతుకుతున్నాను, నాకూ దొరకలేదు. అధికారి కసిరి ఉంటే బాగుండేది. అతను జాలిగా చూశాడు. పొగతాగే అలవాటు, పాత టీబీ అని రాసి, అర్జీ కొట్టేశారు.

చలికాలం వచ్చేసరికి ఓదెలు పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి అందదు. పంజాగుట్ట ఆసుపత్రి జనరల్ వార్డులో మంచం మీద దిండ్లు ఒడిలో పెట్టుకుని, వాటి మీదికి వాలి, కూర్చునే నిద్రపోయేవాడు. కూర్చునే పోయాడు, పట్టపగలు, పక్క మంచం వాళ్ళు అన్నం తింటుండగా. నేనూ సార్ వెళ్ళేసరికి నర్సు ముక్కుకున్న గొట్టం తీస్తోంది. సార్ ఓదెలు కాళ్ళు పట్టుకోబోయారు.

"ముట్టకు సారూ," అంది పోసక్క.

సార్ చేతులు వెనక్కి తీసుకున్నారు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళే బండి కదిలేదాకా ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి, అక్కడి నుంచి అమీర్‌పేట దాకా నడిచే వచ్చారు. నేను పక్కనే నడిచాను. దారిలో ఆయన అడిగింది ఒకే ఒక్కటి: "గా బోర్డుకు ఇంకోని అర్జీ వోతే మళ్ళ నేను పోవచ్చా బిడ్డా?"

వెళ్ళారు. ఒకసారి కాదు. ఆయన సంగతి గని ఊళ్ళలో పాకింది. పాత సహోద్యోగులు ఫోను చేసి తిట్టారు. పండుగకు ఊరికి వెళ్తే పలకరించేవాళ్ళు లేక మర్నాడే తిరిగొచ్చారు. కూతురు ఏడ్చింది: "ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తవ్ నాన్నా, చచ్చినోళ్ళు వస్తరా?" రారని ఆయనకూ తెలుసు. కానీ ఛాతి చూపించుకోవడానికి పంజాగుట్టకు వచ్చే గని మనుషులు, ఎవరో చెప్పగా, నా షాపు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. చేతిలో ఎక్స్‌రే కవరు, జేబులో నలిగిన చీటీ. సార్ వాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళి, క్యూలో నిలబడి, వాళ్ళ కోసం వాంగ్మూలం ఇచ్చేవారు. ప్రతి ఒక్కరికీ ముందు తాను చేసింది చెప్పేవారు. కొందరు ఆయన్ని బూతులు తిట్టి, ఆ తరవాత కాగితం తీసుకునేవారు. ఒకాయన చెప్పు తీశాడు. సార్ కదలకుండా నిలబడ్డారు. చెప్పు తీసినాయనే దగ్గొచ్చి కూలబడిపోయాడు.

పాత కాగితం మీద పేరు మార్చి తీద్దామంటే ఒప్పుకునేవారు కాదు. ఏ మనిషి ఏ చోట పనిచేశాడో, అక్కడ తాను ఏం చేశారో గుర్తు తెచ్చుకుని, గుర్తున్నంతే చెప్పేవారు. గుర్తులేకపోతే గుర్తులేదనే రాయించేవారు. "అట్ల రాస్తే కేసు పోతుంది సార్," అని ఒకసారి అన్నాను. "పోతె పోనీ. నాకు ఎర్క లేంది మళ్ళ నా చేతుల నుంచి వద్దు," అన్నారు.

చాలా అర్జీలు పోయాయి. ఒక్కటి మాత్రం చెప్పాలి. కొత్తగా వచ్చిన ఒక ఇన్‌స్పెక్టరు ఆయన వాంగ్మూలం చదివి, చెప్పాపెట్టకుండా బాయి దిగి, మిషను డ్రిల్లరు మెడకే కట్టి కొలిచాడట. అక్కడ కొత్త నీళ్ళ పైపు వచ్చిందని, నీళ్ళు లేకుండా డ్రిల్లు ఆడించనివ్వడం లేదని ఎవరో ఫోనులో చెప్పారు. ఆ రోజు సార్ రెండు టీలు తాగారు. "ఒక్క కాడ," అన్నారు, వేలు చూపిస్తూ. కాసేపటికి ఆ వేలు దించేశారు.

నా సంగతి కూడా చెప్పకపోతే బాగుండదు. ఓదెలు పోయాక కూడా కొన్ని నెలలు నేను ఆ కుర్రాళ్ళకు దొంగ లెటర్లు చేస్తూనే ఉన్నాను. సార్ ఎన్నడూ వద్దనలేదు. కానీ ఆయన బల్ల మీద ఉంటే నా చేతులు సరిగా ఆడేవి కావు. చివరికొకరోజు ఒక అబ్బాయితో చేయనని చెప్పాను. "ఏంటక్కా, కొత్తగా?" అని వింతగా చూసి, పక్క షాపుకు వెళ్ళి చేయించుకున్నాడు. దాంతో లోకంలో ఏమీ మారలేదు. మా ఆయన గొణిగాడు, అంతే.

ఈ వేసవిలో సార్‌కు గుండె జబ్బు ముదిరింది. మధురానగర్ నుంచి షాపుకు వచ్చేసరికి చెమటలు పట్టేవి. మీరు రాలేని రోజు ఎవరైనా వస్తే ఎలా అని, నాలుగైదు తెల్ల కాగితాల కింద సంతకం పెట్టి ఉంచమన్నాను. మీరు ఫోనులో చెబితే పైన నేను టైపు చేస్తానన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆయన తెల్ల కాగితాలు నెమ్మదిగా నా వైపే జరిపారు. "ఖాళీ కాగితం మీద సంతకం వెట్టే గదా బిడ్డా, గిదంత అయ్యింది," అన్నారు.

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం కోపంగా లేరు. లేచి వెళ్తూ, వీలైతే రేపొస్తానన్నారు. రెండు రోజులకు ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్తే ఐసీయూ అద్దం అవతల నుంచి చెయ్యి ఊపారు. అదే ఆఖరు.

ఆయన పోయి నెల కాకముందే, ఒక వాన మధ్యాహ్నం, పోసక్క వచ్చింది. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది, బాగా వంగిపోయింది. చేతిలో పెద్ద ఎక్స్‌రే కవరు.

"సారు ఉన్నడా?" అంది.

కూర్చోబెట్టి చెప్పాను. ఏడవలేదు. కొంగుతో ముఖం మీది వాన నీళ్ళు తుడుచుకుంది.

"నాకెవలు చెప్పలే," అంది. "మా తమ్మునికి ఆయాసం. గదే బాయి, వీనిది గదే డ్రిల్లు పని. సారు కాగితం ఇస్తడేమో అని వచ్చిన. గిన్నేండ్లు ఆయనతోని మాట్లాడలే. గిప్పుడు పని వడ్డదని వచ్చిన."

ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఓదెలు కోసం సార్ ఇచ్చిన వాంగ్మూలం నకలు మాత్రం ఉంది. అది ఆ బాయి సంగతే కాబట్టి ఏమైనా పనికొస్తుందేమోనని బీరువాలో వెతికి తీశాను. చెల్లుతుందో లేదో నాకు తెలియదని చెప్పాను.

"అండ్ల ఏమున్నది?" అంది. "నాకు సదువు రాదు. ఆ దినం సంతకం వెట్టకముందే లేచిపోయిన. జర సదువు."

చదివాను. "ఓదెలు పనిచేసిన చోట గాలిలో దుమ్ము హద్దులో ఉన్నదని నేను రాసిన కొలతలు అబద్ధం. మిషను ఆ మనిషికి కట్టలేదు. చాలా రోజులు నేను అక్కడికి వెళ్ళనేలేదు. అక్కడ దుమ్ములో ఒక మనిషికి మరో మనిషి కనపడని రోజులు నేను మొదట్లో చూశాను. చూసి కూడా అలా రాశాను. ఇది నన్ను ఎవరూ బలవంతపెట్టకుండా చెబుతున్నాను."

ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. సంతకం ఏదో చూపించమని అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. ఏమనుకుందో నాకు తెలియదు. నేను అడగలేదు.

జిరాక్సు తీసి ఇస్తే మడిచి రవికెలో పెట్టుకుంది. వాన తగ్గేదాకా ఉండమన్నాను. తమ్ముడు ఆసుపత్రిలో ఒక్కడే ఉన్నాడని లేచింది. అప్పుడే పైన బ్యాచి వదిలారు. పిల్లలు ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని, కేకలు వేసుకుంటూ వానలో పరుగెడుతున్నారు. పోసక్క మెట్లెక్కి రోడ్డు మీద నిలబడి, ఎక్స్‌రే కవరు నెత్తిమీదికి ఎత్తబోయి ఆగింది. దాన్ని గుండెకు ఆనించుకుని, నెత్తి మీది కొంగు తీసి దాని చుట్టూ రెండు పొరలు కప్పింది. తల మీద వాన ధారగా పడుతుంటే, ఆ పిల్లల మధ్య నుంచి మెల్లగా పంజాగుట్ట వైపు నడిచి వెళ్ళింది.